పంకా లాగిన వంశం

గుమ్మళ్ళ మాణిక్యమ్మకి ఒకటే గర్వం. ఊరి తెలివంతా ఒక ఎత్తు, తన ఇంటి తెలివి ఒక ఎత్తు అని. ఆవిడ మొగుడు సుబ్బలింగం కళ్ళజోడు అరిగిపోతుందని చదివేటప్పుడు తీసి జేబులో పెట్టుకుంటాడు. మరిది కోటిలింగం తాళంచెవి పోతుందని ఇంట్లోనే పెట్టి తాళం వేస్తాడు. కొడుకు భద్రం ఇద్దర్నీ మించినవాడు. అన్నీ ఉన్నాయి గానీ వాడికి పెళ్ళే కుదర్లేదు. వచ్చిన సంబంధమల్లా కాఫీ తాగేసి వెళ్ళిపోతోంది. ఆవిడ దిగులల్లా అదే.

ఇన్నాళ్ళకి ఒక సంబంధం నిలబడేలా ఉంది. పిల్ల తండ్రి విశ్వనాథం మాష్టారికి రిటైరయ్యాక వంశచరిత్రల పిచ్చి పట్టింది. "మీ ముత్తాతగారు ఏం పని చేసేవారో కనుక్కోండి. ఆదివారం వస్తా. తేలితే తాంబూలాలు, తేలకపోతే నమస్కారం" అనేసి వెళ్ళాడాయన.

అంతే! అటక మీది పెట్టె దింపారు. పాత కాయితం ఒకటి దొరికింది. "గుమ్మళ్ళ పేరయ్య. పని: దొరగారి బంగళాలో పంకా లాగుట" అనుంది.

"పంకా అంటే ఫ్యానే కదండీ. తిరిగేదాన్ని లాగడమేంటండీ?" అంది మాణిక్యమ్మ.

"అదే వదినా కిటుకు! ఊరికే ఉన్నదాన్ని ఎవడైనా లాగుతాడు. తిరుగుతుంటే లాగాలి. అందుకేగా జీతమిచ్చి పెట్టుకున్నారు" అన్నాడు కోటిలింగం.

"అయితే లాగి చూద్దాం. రేపు మాష్టారు ఎలా లాగేవారని అడిగితే ఏం చెప్తాం?" అన్నాడు సుబ్బలింగం.

ఇంకేముంది! కోటిలింగం మంచమెక్కి తిరిగే ఫ్యాను మీదకి తువ్వాలు విసిరాడు. తువ్వాలు గిర్రున తిరిగి, గూట్లో పెరుగుకుండని తన్నింది. పెరుగంతా సుబ్బలింగం నెత్తిన పడింది.

"ఒరే తమ్ముడూ, మనం దాన్ని లాగాలిరా! అది మనల్ని లాగకూడదు!"

"ముగ్గురం కలిసి లాగుదాం నాన్నా" అన్నాడు భద్రం. ఫ్యాను ఆపారు, తాడు కట్టారు, "హైలెస్సా" అన్నారు. ఫ్యానూ, కొక్కెమూ, తట్టెడు సున్నం పెచ్చులూ దబ్బున కిందపడ్డాయి.

మాణిక్యమ్మకి కళ్ళు చెమర్చాయి. "ముగ్గురు కలిస్తే ఒకటి ఊడింది. ముత్తాతగారు ఒక్కరే రోజూ లాగేవారు! ఎంత కండబలమండీ ఆయనది!"

చప్పుడు విని పక్కింటి పేర్రాజు తాతగారు వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. "మీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ రోజుల్లో కరెంటెక్కడిదిరా? దొర నెత్తిమీద వాసానికి పెద్ద గుడ్డ వేలాడదీసేవారు. మీ ముత్తాత అరుగు మీద కూర్చుని దాని తాడు లాగుతుంటే, గుడ్డ ఊగి లోపల దొరకి గాలొచ్చేది. దొర చాలు అనేదాకా చెయ్యి ఆపకూడదు. ఆపితే ఉద్యోగం ఊడినట్టే!"

"ఆపితే ఊడుద్ది" అని మాణిక్యమ్మ గట్టిగా గుర్తుపెట్టుకుంది.

ఆదివారం మాష్టారొచ్చి కుర్చీలో కూర్చున్నాడో లేదో, నెత్తిమీద బొంత ఊగడం మొదలెట్టింది. తాడు కిటికీలోంచి బయటికెళ్ళింది. అరుగు మీద భద్రం లాగుతున్నాడు. మొదటి ఊపుకి మాష్టారి కండువా ఎగిరింది, రెండో ఊపుకి కళ్ళజోడు. ఆ తర్వాత బొంతలో దుమ్మంతా ఆయన మొహాన్నే. అయినా గాలొచ్చింది!

మాష్టారు తుమ్ముతూనే మురిసిపోయాడు. "పంకా లాగేవారా! ఎన్నో వంశాలు చూశానమ్మా. పని చేసి చూపించిన వంశం మీదొక్కటే!" అని తాంబూలాలు పుచ్చుకుని బస్సెక్కేశాడు.

"అమ్మా, ఆయన చాలు అనలేదే!" అని అరుగు మీంచి కేకేశాడు భద్రం.

మాణిక్యమ్మ గుమ్మంలోకి పరుగెత్తింది. "ఆపకు నాయనా! ఆపితే సంబంధం ఊడుద్ది!"

"ఫోను చేసి అడుగుదామా?" అన్నాడు సుబ్బలింగం.

"బావుందండీ! ముత్తాతగారు ఏనాడైనా దొరకి ఫోను చేశారా?"

అంతే! వంతులేసుకున్నారు. ఒకడు తింటుంటే ఒకడు లాగాడు, ఒకడు పడుకుంటే ఒకడు లాగాడు. బొంత కింద ఖాళీ కుర్చీకి చల్లగా గాలి తగిలింది.

పెళ్ళిరోజు వచ్చింది. పెళ్ళి పక్కవీధిలో రైసుమిల్లు హాల్లో. ముహూర్తం ముంచుకొచ్చింది. "పెళ్ళికొడుకేడీ?" అని మాష్టారు గోల.

వచ్చాడు భద్రం. నుదుట బాసికం, చేతిలో తాడు. ఆ తాడు చూద్దురుగదా, బావి చేంతాడు, గేదె పలుపు, మాణిక్యమ్మ పాత చీరలు, అన్నీ ముడేసి ఇంటి దగ్గర్నించి హాలు దాకా పరిచారు. సందు మలుపులో కోటిలింగం కర్రతో తాడెత్తి పట్టుకుని ఆటోలని కిందనించి పంపిస్తున్నాడు.

"ఏంటి నాయనా ఇది?" అన్నాడు మాష్టారు.

"మీ పంకా అండి. మీ కుర్చీకి గాలి ఆగకూడదు కదండీ."

"ఆ కుర్చీలో ఎవరున్నారయ్యా?"

"ఎవరుంటారండీ? మీరు ఇక్కడున్నారుగా!"

పంతులుగారు మంగళసూత్రం అందించి, "రెండు చేతులూ కావాలి బాబూ" అన్నాడు. మాణిక్యమ్మ తాడునీ సూత్రాన్నీ మార్చి మార్చి చూసింది. తాడు వదిలితే సంబంధం ఊడుద్ది, వదలకపోతే పెళ్ళి కాదు!

అప్పుడు పెళ్ళికూతురు వరహాలు తలెత్తింది. "ఇలా ఇవ్వండి. మూడు ముళ్ళూ పడేదాకా నేను లాగుతా" అంది.

"నా తల్లే! ఇన్నాళ్ళూ ఎక్కడున్నావే!" అని మాణిక్యమ్మ మెటికలు విరిచింది. మూడు ముళ్ళూ పడ్డాయి. మాష్టారు నోరు తెరిచాడు గానీ మాట పడిపోయింది. మాటే రానప్పుడు చాలు అని ఎలా అంటాడు?

ఇంకేముంది! కాపురానికొచ్చిన వరహాలు కూడా వంతుకి కూర్చుంది. చలికాలం వచ్చింది. ఒకరోజు తాడు లాగుతూ లాగుతూ ఆలోచించింది.

"అత్తయ్యా, రాత్రీ పగలూ గాలి కొడుతుంటే పాపం ఆ కుర్చీకి చలెయ్యదూ?"

"నిజమేనే! ఇంతమందిమి ఉన్నాం, ఒక్కళ్ళకి తట్టిందా!" అని మాణిక్యమ్మ పరుగెత్తుకెళ్ళి కుర్చీకి దుప్పటి కప్పి, చెవుల్లోకి గాలి పోకుండా మఫ్లరు కూడా చుట్టింది.