ముక్కు వంకర చిలుక

అనగనగా ఒక అడవికి ఒక ఏనుగు రాజు. "ముక్కుసూటిగా మాట్లాడేవాళ్లే నా కొలువులో ఉండాలి" అంది అది ఒకరోజు. ఆ మాటకు అర్థమేమిటని ఒక్కరూ అడగలేదు. ముక్కు సూటిగా ఉన్నవాళ్లను ఏరి కూర్చోబెట్టారు! కొంగ మంత్రి అయింది. వడ్రంగిపిట్ట సలహాదారు అయింది. ఇంతకన్నా తెలివితక్కువ పని ఉంటుందా, పిల్లలూ?

ఏనుగు రోజూ కొలువు పక్కనున్న మద్దిచెట్టుకు వీపు రుద్దుకునేది. ఆ చెట్టు తొర్రలో పగడమ్మ అనే చిలుక గూట్లో దాని పిల్లలున్నాయి. వాటికింకా ఎగరడం రాదు. రుద్దగా రుద్దగా చెట్టు మొదలు పగుళ్లిచ్చింది. పగడమ్మ కొంగ దగ్గరికి ఎగిరి వచ్చింది.

"కొంగమామా, చెట్టు పడిపోయేలా ఉంది. రాజుగారికి చెప్పవా?" అని బతిమాలింది.

కొంగ రాజు వైపు తిరిగి, "తమ వీపు తగలడం ఆ చెట్టు చేసుకున్న పుణ్యం, రాజా!" అంది.

"వడ్రంగి బాబాయ్, నువ్వైనా చెప్పు. లోపలంతా గుల్లేనని నీకు తెలుసుగా!"

"ఉక్కులాంటి చెట్టు, రాజా!" అంది వడ్రంగిపిట్ట.

ఇక పగడమ్మ తానే చెప్పబోతే కొంగ అడ్డుపడింది. "ఛీ! నీ ముక్కే వంకర. నీకు సూటి మాటలెక్కడివి? నోర్ముయ్!" అని కసిరింది.

ఏనుగు వీపు రుద్దుకోవడానికి లేచింది. పగడమ్మకు ఒళ్లు మండిపోయింది. రివ్వున ఎగిరి ఏనుగు ముఖానికి అడ్డం వచ్చింది.

"ఆగు! నా ముక్కు వంకరైతే నీ తొండమేమైనా గడకర్రా? నీ వీపు దురద తీరడానికి నా పిల్లలు చావాలా? ఆ చెట్టు కూలబోతోంది. ఇది వీళ్లందరికీ తెలుసు. నీకు భయపడి అబద్ధాలాడుతున్నారు!"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా! ఏనుగు కోపంతో ఘీంకరించింది. అంతలోనే చెట్టు మొదలు ఫెళఫెళమంది. ఏనుగు ఒక్క ఉదుటున వెళ్లి నుదుటితో మానును ఆపింది. తొండం వంచి తొర్రలోని పిల్లలను బయటికి తీసింది. అది పక్కకు తప్పుకోగానే చెట్టు నేలకూలింది.

"ఆహా, ఎంత నేర్పుగా కూల్చారు, రాజా!" అంది కొంగ.

ఏనుగు సిగ్గుతో తల వంచుకుంది. "తప్పైపోయింది, పగడమ్మా. ఇకనుంచి నువ్వే నా మంత్రివి" అంది.

పగడమ్మ కోపం చల్లారలేదు. "నీ పదవి నాకెందుకు? వీళ్లలో ఒక్కరు ముందే నిజం చెప్పి ఉంటే నా గూడు నాకు దక్కేది" అంది.

నీతి: ఎంతటివారి ముందైనా నిజాన్ని దాచకుండా, తిప్పకుండా చెప్పడమే ముక్కుసూటితనం.