గవ్వకు తుపాకి అలవాటు చేసిన వైనం

ప్రశ్న అడిగితే విరూపాక్షయ్యగారు వెంటనే జవాబు చెప్పరు. చేతిలో పని ఉంటే ముందు అది ముగిస్తారు. తరువాత ఎప్పుడో ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటారు. పెన్న ఒడ్డున ఆయన దగ్గర పురాణం చెప్పడం నేర్చుకుంటున్న సోమేశానికి ఈ అలవాటు తెలుసు. అయినా ఆ సాయంత్రం అడగక తప్పలేదు.

అప్పటికి మూడు సభల్లో అతని గొంతు పట్టేసింది. మూడుసార్లూ ముందు వరసలో కూర్చున్న గురువుగారే పద్యం అందించి గట్టెక్కించారు. తెల్లవారితే పొరుగూళ్ళో నాలుగో సభ.

"అయ్యగారూ, ఈ జంకు ఎప్పటికి పోతుంది? మీరు ఎదురుగా ఉండగానే ఇలా ఉంటే, మీరు లేని రోజున నా గతేమిటి?" అన్నాడు.

గురువుగారు ప్రయాణానికని ఉత్తరీయం మడత పెడుతున్నారు. మడత పూర్తిచేసి ఒళ్ళో పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

కొండ కింద పల్లెలో బోయ లింగప్ప అని ఒకడుండేవాడు. దొరగారి వేటకుక్కలకు పని నేర్పేది అతనే. ఒక ఏడు దొరగారు పట్నం నుంచి ఒక ఆడ కుక్కపిల్లను తెప్పించారు. గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలు. గవ్వ అని పేరు పెట్టారు. పొదలో కౌజుపిట్ట ఉంటే పది బారల దూరం నుంచే పసిగట్టి, ముందుకాలు ఒకటి ఎత్తి, బొమ్మలా నిలబడిపోయేది. అంత మంచి ముక్కు. అయితే లింగప్ప చేతికి రాకముందే దొరగారి అల్లుడు ముచ్చటపడి దాని తల మీదుగా తుపాకి పేల్చాడు. రెండు రోజులు అది గడ్డివామి సందులోంచి బయటికి రాలేదు.

దొరగారు లింగప్పను పిలిపించారు. "కోతలయ్యాక వేటకు పోతాం. ఆలోగా దాన్ని దారిలో పెట్టు. శబ్దానికి బెదిరే కుక్క నాకొద్దు. అప్పటికీ బెదిరితే దాని సంగతి ఆ తుపాకే చూసుకుంటుంది" అన్నారు.

లింగప్ప తనకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాడు. గవ్వ ముందు సంకటి ముద్ద పెట్టేవాడు. అది తింటుండగా, దొరగారి తుపాకి మోసే మస్తాన్ ఎక్కడో చేను అవతల రేకుడబ్బా మీద కర్రతో కొట్టేవాడు. కుక్క తల ఎత్తకపోతే మర్నాడు పది అడుగులు దగ్గరికి. తిండి వదిలేస్తే ఇరవై అడుగులు వెనక్కి. నెల తిరిగేసరికి డబ్బా పక్కనే మోగినా గవ్వ తింటూనే ఉంది. అప్పుడు తుపాకి తీశారు. మళ్ళీ చేను అవతల నుంచి, కాస్త తుపాకిమందుతో, మొదటికొచ్చి.

తుపాకి నూరు అడుగుల దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. పది రోజులు ఎన్ని తంటాలు పడ్డా ఒక్క అడుగు ముందుకు సాగలేదు. తుపాకి ఎత్తితే చాలు, గవ్వ పొట్ట నేలకానించి పడుకునేది. కోతలు సగం అయిపోయాయి. లింగప్పకు అన్నం సయించడం మానేసింది.

పదో రోజున మస్తాన్ తుపాకి దించి దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఒక మాట చెప్తా, ఏమనుకోవాకు. నేను పేల్చకముందే అది పడుకుంటా ఉంది. నా తట్టు సూడనుకూడా సూడట్లేదు. నీ చెయ్యి సూసుకో."

లింగప్ప చూసుకున్నాడు. గవ్వ మెడతాడు అతని పిడికిలికి రెండు చుట్లు తిరిగి ఉంది. వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. మస్తాన్ తుపాకి ఎత్తిన ప్రతిసారీ తన చెవిలో మోగేది దొరగారి మాటేనని, తాడు బిగిసేది అప్పుడేనని అతనికి తోచింది.

మర్నాడు తాడు విప్పేశాడు. గవ్వ ముందు సంకటి పెట్టి, చిరిగిన పిట్టల వల ఒకటి తెచ్చుకుని, దూరంగా దానికి వీపు తిప్పి కూర్చున్నాడు. "ఎప్పుడు పేలుస్తావో నాకు చెప్పొద్దు" అన్నాడు మస్తాన్‌తో. వల ముడులు వేయసాగాడు. ఎంతసేపటికీ ఏమీ లేదు. ఉన్నట్టుండి తుపాకి పేలింది. లింగప్ప చేతిలోని ముడి జారిపోయింది. వెనక్కి తిరగాలని ప్రాణం కొట్టుకుంది. తిరగలేదు. జారిన ముడిని మళ్ళీ అందుకున్నాడు. కాసేపటికి వెనకనుంచి గవ్వ సంకటి మూకుడు నాకుతున్న చప్పుడు వినిపించింది.

ఆ ఏడు వేటలో మొదటి కౌజుపిట్టను దొరగారి కాళ్ళ దగ్గరికి తెచ్చి పెట్టింది గవ్వే.

సోమేశం ముఖం తేటపడింది. "అయితే చివరికి దాని భయం పోయిందన్నమాట" అన్నాడు.

"పోలేదు. ముసలిదయ్యేదాకా తుపాకి పేలినప్పుడల్లా దాని చెవి ఒకటి వెనక్కి వాలేదట."

గురువుగారు లేచి, మడిచిన ఉత్తరీయాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టి మూత వేశారు.

"రేపు బండిలో నువ్వొక్కడివే వెళ్ళు" అన్నారు.