గంగులు తాత గదుల ఇల్లు

మబ్బులు తగిలే గుట్టమీద గంగులు అనే, ఒళ్లంతా పొలుసులున్న ముసలి అలుగు పెద్ద బొరియ తవ్వాడు. ఒకటే వాకిలి, ఒకటే కప్పు, వాన నీళ్లు పోవడానికి ఒకటే కాలువ. లోపల మాత్రం ఎవరి గది వాళ్లది. కప్పు ఎక్కడ కారినా తాత ఒక్కసారి మట్టి మెత్తితే అందరి గదులూ బాగుపడేవి. విడివిడిగా తవ్వుకునే గొడ్డుచాకిరీ ఎవరికి కావాలి చెప్పండి? అందుకే కుందేలు చిట్టెమ్మ తన ముగ్గురు పిల్లలతో వచ్చి చేరింది. పక్కగదిలోకి నక్క భూషయ్య కూడా దిగాడు. ఎవరొచ్చి అడిగినా తాత కాదనలేడు, అదే ఆయన జబ్బు.

నక్క పక్కన పిల్లల్ని వదిలి మేతకెలా పోవాలని చిట్టెమ్మ తాతను నిలదీసింది. తాత ఆమెతో వాకిట్లో తడిమట్టిమీద కాలిముద్ర వేయించాడు. తనకు చూపు ఆనదనీ, ఈ ముద్రకు సరిపోయే కాలు పెడితేనే ఆమె గదికి తలుపుగా పెట్టిన బండ జరుపుతాననీ చెప్పాడు. భూషయ్యకూ అదే పద్ధతి.

ఒక పొద్దున ఆమె గడ్డికి వెళ్లగానే భూషయ్య పొదలకు అంటుకున్న కుందేలు బొచ్చు ఏరి ఒళ్లంతా పులుముకున్నాడు. గొంతు సన్నగా చేసుకుని, పిల్లలకు పాలివ్వాలి, బండ జరపమని తాతను తొందరపెట్టాడు. తాత వాసన చూసి తలాడించాడు, కాలు పెట్టమన్నాడు. ముద్రలన్నీ తడిమి, బండ జరిపి, లోపలికి పొమ్మన్నాడు. భూషయ్య లొట్టలేసుకుంటూ దూరాడు. తీరా చూస్తే అది తన గదే.

“గొంతు మార్చావు, వాసన మార్చావు. కాలు మాత్రం నీదే తెచ్చుకున్నావు కదరా అల్లుడూ,” అని తాత బయటినుంచి నవ్వాడు.

సంగతి తెలిసి చిట్టెమ్మ పరుగున వచ్చింది. పిల్లల్ని పొట్టకు హత్తుకుని, గుట్ట కింది కుక్కల్ని పిలిచి ఆ నక్క గదిలోకి వదలమని పట్టుబట్టింది. తాత ఆమె తల నిమిరాడు.

“తల్లీ, ఇవాళ నీ మాట విని వాడి గది తెరిస్తే, రేపు ఇంకెవరి మాటో విని నీ గది తెరుస్తాను. అప్పుడు ఈ పసివాళ్లు ఏమవుతారు?”

చిట్టెమ్మ కుక్కల మాట మానేసి పిల్లల్ని తన గదిలోకి తీసుకుపోయింది. గోడవతల భూషయ్య అంతా విన్నాడు. సిగ్గుతో చచ్చిపోతూ, ఒంటిమీది బొచ్చు దులుపుకున్నాడు.

నీతి: ఒకే కప్పు కింద బతికేటప్పుడు, పక్కవాడి గదికున్న కాపలాయే మన గదికీ కాపలా.