పుల్లోడి రాయి తడిసిన ఏడు

తిప్పన్న చేను మొత్తం ఒక ఎర్రటి వాలు. పైన బోడిగుట్ట, కింద వంక. వాలుకు అడ్డంగా మూడు గట్లు, ఆ గట్లు ఆపిన నీళ్లన్నీ వచ్చి చేరే చోట ఒక కుంట.

ముసలి ఎద్దు మైలోడికి ఆ కుంటంటే ప్రాణం. వాడూ, వాడి జోడు పుల్లోడూ కలిసి పన్నెండేళ్లు ఆ చేను దున్నారు. కాడికి ఎడమ పక్క మైలోడు, కుడి పక్క పుల్లోడు. పుల్లోడు పోయి మూడేళ్లయింది. అయినా మైలోడు ఈనాటికీ కుంట కట్ట మీద ఎడమ అంచునే నడుస్తాడు, కుడి పక్కన ఒక ఎద్దు పట్టేంత చోటు వదిలి.

కట్ట లోపలి వాలులో ఒక రాయి ఉంది. పుల్లోడు మెడ రుద్దీ రుద్దీ అది నున్నగా అయింది. ఆ రోజుల్లో కుంట నిండితే నీళ్లు ఆ రాయిని తడిపేవి. రోహిణి ఎండల్లో కూడా మైలోడికి మోకాలి లోతు నీళ్లు మిగిలేవి.

అవి ఊరికే మిగల్లేదు. పుల్లోడు పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. ఎండాకాలం కుంటలో నీళ్లు తాగినవాళ్లు ఎవరైనా సరే, ఉత్త నోటితో ఒడ్డెక్కకూడదు. అడుగున చేరిన ఒండ్రుమట్టి ఒక ముద్ద తెచ్చి కట్ట మీద వేయాలి. ఎద్దుకు నోటినిండా, మేకకు గిట్టలకు అంటినంత, పిచ్చుకకు ముక్కున పట్టినంత. వేసిన మట్టిని ఎద్దులు రెండూ తొక్కి గట్టిపరిచేవి.

పుల్లోడు పోగానే వంక ఒడ్డు నక్క ఆ కట్టుబాటుకు ఎసరు పెట్టింది.

“మట్టి తెచ్చిందెవరు? వాన. మరి తీసుకుపోవాల్సిందీ వానే కదా! మన నోట్లో మనమే మట్టి కొట్టుకోవడం దేనికర్రా?” అంది.

పని తప్పించే మాట ఎవరికి చేదు? అందరూ మానేశారు. మొదటి ఏడు ఉగాది నాటికి మోకాలి లోతు నీళ్లున్నాయి. రెండో ఏడు గిట్టలు మునిగాయి, అంతే. మూడో ఏడు శివరాత్రికే కుంట అడుగు పగిలి నోళ్లు తెరిచింది. ఒండ్రు మాత్రం మోకాలెత్తు పేరుకుంది.

రోహిణి మొదలైన రోజు పొద్దున్నే, కొట్టంలో పేడ తీస్తూ ఓబులమ్మ మొగుడితో అంది:

“తొలివాన కుంటలో నిలిచిందా, చెనక్కాయ వేసుకుని ఇంటిపట్టునే ఉందాం. నిలవలేదా, తాళం పెట్టి బెంగుళూరు పనికి పోదాం.”

“మరి గొడ్లు?”

“మేకను మా చెల్లెలింటికి తోలుదాం. మైలోణ్ణి సంతకు.”

“ఈ ముసలాణ్ణి ఎవరు కొంటారే?”

“కొనేవాళ్లు కొంటారులే.”

ఎందుకు కొంటారో ఆమె చెప్పలేదు. తిప్పన్న అడగలేదు. మైలోడు నెమరు ఆపేశాడు.

పక్క గుంజకు కట్టిన బొల్లిమేక చెవులు నిక్కించింది. “తాతా, విన్నావా! రోహిణి ఇంకెన్ని రోజులు?”

“పద్నాలుగు.”

“మనిద్దరం తవ్వేద్దామా?”

“కుంట పొడవు నా అడుగులతో ఇరవై, వెడల్పు పన్నెండు. అంటే రెండు వందల నలభై గుంతలు తీయాలి. నా మోకాళ్లు వంగవు. నువ్వు రోజంతా గీకితే ఒక గుంత. పద్నాలుగు పోగా తక్కినవి ఎవరు తీస్తారమ్మీ?”

బొల్లిమేక లెక్క వేయబోయి, మధ్యలో దారి తప్పి, గడ్డి నమలసాగింది.

ఆ సాయంత్రం మైలోడు కుంటలో నిలబడి ఉండగా నక్క వచ్చింది. డొక్కలు లోపలికి పోయాయి.

“ఏం మామా, ఎండిన కుంటకు కాపలానా? ఇందులో ఎండ్రకాయలన్నీ ఏ దేశం వలస పోయాయి?”

మైలోడు దాన్ని ఎగాదిగా చూశాడు. వాడి బుర్రలో లెక్క అప్పుడు కుదిరింది.

“ఎక్కడికి పోతాయి అల్లుడూ? నీ కాళ్ల కిందే ఉన్నాయి. ఎండాకాలమంతా మోకాలి లోతు ఒండ్రు కింద బొరియ చేసుకుని పడుకుంటాయి. ముద్ద తీసే రోజుల్లో మా పుల్లోడి గిట్టకు ఒకటో రెండో తగిలేవి.”

“మరి ఇన్నేళ్లూ నాతో చెప్పలేదేం?”

“మట్టి ముట్టనన్నది నువ్వే కదా.”

నక్క అక్కడికక్కడే గీకడం మొదలుపెట్టింది. చీకటి పడేలోగా మూడు గుంతలు తీసింది. మూడో గుంతలో నిజంగానే ఒక ఎండ్రకాయ దొరికింది. దాన్ని కరకరా నమిలి, “అడుగున ఇంకెన్ని ఉన్నాయో!” అని మూతి నాక్కుంది.

“ఉన్నాయి గానీ, ఆ మట్టి గుంత పక్కనే పోశావేం? గాలి వీస్తే మళ్లీ అందులోకే జారుతుంది, రేపు అదే గుంత మళ్లీ తవ్వుతావు. కట్ట మీదికి మోసెయ్యి,” అన్నాడు మైలోడు.

“నిజమే సుమా!”

“ఇంకో మాట. అవతలి గుట్ట నక్కలకు తెలిస్తే రెండు రోజుల్లో ఊడ్చుకుపోతాయి. తొందరపడు.”

మర్నాటికల్లా నక్క తన అయిదుగురు బావమరుదులను వెంటేసుకొచ్చింది. ఆరు నక్కలు, ఇరవై నాలుగు కాళ్లు. మట్టి లేస్తూ ఉంటే కుంటలోంచి పొగ వచ్చినట్టుండేది. పూటకు ఒకటో అరో ఎండ్రకాయ దొరికేది. మిగతావి తవ్వుడు చప్పుడుకు ఇంకా లోతుకు దిగిపోయేవి. అవి దిగేకొద్దీ నక్కలూ దిగేవి.

కట్ట మీద పడిన మట్టిని మైలోడు తొక్కుతూ ఉండేవాడు. వెనకాలే బొల్లిమేక టకటకా తొక్కేది.

“నువ్వెందుకు మామా ఊరికే ఆయాసపడతావు?” అంది నక్క, మూతి నిండా మట్టితో.

“పాత అలవాటు అల్లుడూ.”

అది అబద్ధం కాదు. తాజా మట్టి వాసన తగలగానే మైలోడి కాళ్లకు పాత నడక వచ్చేసింది. నాలుగడుగులు, ఒక మలుపు, మళ్లీ నాలుగడుగులు. ఆ మలుపు దగ్గర పుల్లోడు ఎప్పుడూ ఒకసారి బుస్సుమని ఊపిరి వదిలేవాడు. మైలోడు ఇప్పుడూ అక్కడికి రాగానే ఒక క్షణం ఆగుతున్నాడు, ఆ ఊపిరి కోసం.

“తాతా, ఎందుకు ఆగావు?”

“ఏం లేదులే. తొక్కు.”

రోజుకు నక్కకు మూడేసి గుంతలు. మొదటి రోజు మూడు, తర్వాత పదమూడు రోజులూ పద్దెనిమిదేసి. పద్నాలుగో సాయంత్రం నక్కలు గోళ్లు నాక్కుంటూ వెళ్లిపోయాక మైలోడు లెక్క చూశాడు. రెండు వందల ముప్ఫై ఏడు.

“మిగిలిన మూడూ నువ్వు గీకెయ్ అమ్మీ.”

బొల్లిమేక మూడో గుంత తీసిన మర్నాడు మధ్యాహ్నం గుట్ట వెనక మబ్బు లేచింది. ముందు గాలి, తర్వాత పెద్ద పెద్ద చినుకులు, ఆ వెనక గుట్ట మొత్తం కిందికి దిగి వస్తోందా అన్నట్టు ఎర్రనీళ్లు. మొదటి గట్టు ఆపింది, రెండోది ఆపింది, మూడోది కుంటలోకి మళ్లించింది. మైలోడు కట్ట మీద తడుస్తూ నిలబడ్డాడు. నిరుడు ఇదే కట్ట మీదుగా నీళ్లు పొర్లి వంకలో పడిపోయాయి. ఇప్పుడు గిట్టల కింద కట్ట కదల్లేదు. నీళ్లు పైకి వచ్చాయి, ఇంకా పైకి వచ్చాయి, పుల్లోడి రాయి నున్నటి వీపును తాకి ఆగాయి.

వాన వెలిశాక తిప్పన్న కర్ర ముంచి లోతు చూశాడు. చూసి, మళ్లీ ముంచాడు. ఓబులమ్మ ఇంట్లోకి పోయి విత్తనం చెనక్కాయల బుట్ట బయటికి తెచ్చి ఒలవడానికి కూర్చుంది. అప్పుడు మైలోడికి నెమరు సాగింది.

రెండు రోజులకు నక్క వచ్చి నిండు కుంట చూసి గుడ్లు తేలేసింది.

“మామా! ఎండ్రకాయలు?”

“అడుగునే ఉన్నాయి అల్లుడూ. నేనెప్పుడూ లేవనలేదే.”

“ఇంత నీళ్లలో ఎట్లా పట్టేది? నా చేత కూలి లేకుండా కుంట తవ్వించావు కదయ్యా!”

“కూలి లేకుండానా? ఎదురుగా ఉందిగా, తాగు,” అంది బొల్లిమేక. “తాగినవాళ్లు ముద్ద వేయాలన్న కట్టుబాటు మళ్లీ వచ్చింది. నువ్వు మాత్రం ఈ ఏటికి ఉత్త నోటితోనే ఒడ్డెక్కొచ్చు. అందరికంటే ముందే, అందరికంటే ఎక్కువే వేశావు.”

పిచ్చుకలు కిచకిచా నవ్వాయి. నక్క అరిగిన గోళ్ల వంక ఒకసారి చూసుకుంది. దాహం మాత్రం వేస్తోంది. తల వంచి, కడుపు నిండా తాగి, తోక దించుకుని వంక దారి పట్టింది.

మైలోడు పుల్లోడి రాయి దగ్గరికి దిగి, దానికి మెడ ఆనించి ఒకసారి రుద్దుకున్నాడు. తర్వాత కట్ట ఎక్కి, ఎడమ అంచున, కుడి పక్క చోటు వదిలి ఇంటికి నడిచాడు.

వాన అందరి మీదా కురుస్తుంది. తన కోసం ముందే చోటు చేసి పెట్టినవాళ్ల దగ్గరే ఆగుతుంది.