తుంగ చాటున చెప్పిన పేరు

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక పెద్ద సరస్సు. చలికాలం వచ్చిందంటే చాలు, పద్నాలుగు దేశాల పిట్టలు అక్కడ వాలేవి. వాటన్నిటికీ కలిపి ఒక సమితి, ఆ సమితికి ఒక నాయకుడు. ఏ మడుగులో మేత ఉందో, ఏ దారిలో వేటగాళ్లు ఉన్నారో నాయకుడే చెప్పాలి.

మరి ఆ నాయకుణ్ణి ఎన్నుకునేది ఎవరనుకున్నారు? బెగ్గురు కొంగ తాత, గూడబాతు, హంస. ముగ్గురూ పెద్ద గుంపుల పెద్దలు. తుంగ పొదల చాటుకి వెళ్లి చెవులు కొరుక్కుని, బయటికొచ్చి ఒక పేరు చెప్పేవారు. ఎందుకని అడిగితే, "పెద్దల మాట చద్దన్నం మూట" అనేవారు. మిగతావాళ్లు రెక్కలు కొట్టి ఊరుకోవాలి.

ఆ ఏడు తుహిన పేరు చెప్పారు. తుహిన మంచుకొండలు దాటి వచ్చే చారల తల బాతు. మనసు వెన్న. కిందటేడు పొగమంచులో తప్పిపోయిన పిల్లల కోసం మూడు రోజులు తిండి మాని తిరిగింది. పెద్దలు ఆమెను ఎంచుకున్నది అందుకే. కానీ ఆ సంగతి పొద దాటి బయటికి రాలేదు.

ఇక నోళ్లు ఊరుకుంటాయా?

"హంసకి చుట్టమట" అంది ఉల్లంకి పిట్ట.

"గూడబాతుకి చేపలు మోసిందట" అంది నీటికోడి.

"నిప్పు లేనిదే పొగ రాదు" అంది పూసలమ్మ. పూసలమ్మ పరజ పిట్ట, బాతుల్లో బాగా చిన్న జాతి.

తుహిన అన్నీ విని బాధపడింది. పని చేసి చూపిస్తే వాళ్లే నమ్ముతారులే అనుకుంది.

నాలుగో రోజు ఉత్తరపు మడుగుకి వెళ్లి చూసింది. నీళ్ల మీద సన్నటి వలలు. దిగబోతే ఒకటి కాలికి చుట్టుకుని చర్మం కోసుకుపోయింది. పరజలు మర్నాడే పిల్లలతో అక్కడికి మేతకి పోతున్నాయి. తుహిన ఎలాగో విడిపించుకుని రొప్పుతూ వచ్చి, "అటు వెళ్లకండమ్మా, వలలున్నాయి" అని కాలు చూపించింది.

"ఏ ముల్లో గీసుకుని ఉంటుంది" అంది పూసలమ్మ. "ఆ మేత మీ పెద్ద బాతులకే దాచుకుందామనా?"

ఆమె వెనక ఏడుగురు పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ఆడుకుంటున్నారు. వాళ్లని చూస్తే తుహినకి గుండె చెరువైంది. తిన్నగా పెద్దల దగ్గరికి వెళ్లింది.

"తాతా, ఈ పదవి నాకొద్దు. అందరి ముందూ మళ్లీ ఎన్నుకోండి."

"మేం ఎంచుకున్నది మంచిదాన్నే కదమ్మా" అన్నాడు బెగ్గురు తాత. "అందరి ముందూ అయితే నువ్వు ఓడిపోవచ్చు."

"ఓడితే ఓడాను. నన్నెందుకు ఎంచుకున్నారో మీ ముగ్గురికే తెలుసు. తెలియనివాళ్లు తలో మాటా అల్లుకున్నారు. ఇప్పుడు నేను నిజం చెప్పినా నమ్మక, పిల్లల్ని వలలోకి తీసుకుపోతున్నారు."

తాత సరేనని తలూపాడు.

ఆ సాయంత్రమే అందరూ ఒడ్డున కూడారు. తుహిన నిలబడింది. ఎర్రకాళ్ల కొంగ శోణుడూ నిలబడ్డాడు. తుహినను ఎందుకు ఎంచుకున్నారో పెద్దలు మొదటిసారి అందరికీ చెప్పారు. పూసలమ్మ తల దించుకుంది. అయినా అడగాల్సింది అడిగింది.

"మాలాంటి చిన్నవాళ్లం మీ మాట ఎలా నమ్మేది?"

"నమ్మొద్దు" అన్నాడు శోణుడు. "నాతో వచ్చి చూడండి."

ఎవరు కావాలో వాళ్ల వెనక నిలబడమన్నారు. శోణుడి వెనక తొమ్మిది పిట్టలు ఎక్కువ నిలబడ్డాయి. పూసలమ్మా అటే. తుహినకి కాస్త కష్టంగానే అనిపించింది, అబద్ధమెందుకు?

తెల్లవారగానే శోణుడు పూసలమ్మని వెంటబెట్టుకుని ఉత్తరపు మడుగుకి ఎగిరాడు. తిరిగొచ్చిన పూసలమ్మ ముందు పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. తర్వాత తుహిన దగ్గరికి వచ్చింది.

"క్షమించక్కా. నువ్వు నిజమే చెప్పావు."

"తల్లివి కదమ్మా, పిల్లల మేత పోతుందని భయపడ్డావు" అంది తుహిన. "నాకెవరూ ఏమీ చెప్పకపోతే నేనైనా అంతే."

ఆ పొద్దున పరజలు దక్షిణపు మడుగుకి ఎగిరాయి. చిన్న పిల్లకి దారి చూపిస్తూ తుహిన కూడా కొంతదూరం వాళ్లతో వెళ్లింది.

నీతి: మంచివారిని ఎన్నుకుంటే చాలదు, అందరూ చూస్తుండగా ఎన్నుకోవాలి. అప్పుడే వారి మంచి మాట చెవికెక్కుతుంది.