చేదుకొండ కాకరమ్మ తల్లి వెలసిన వైనం

చేదుకొండ కాకరమ్మ తల్లి దర్శనానికి వచ్చే భక్తులు బెల్లం, చక్కెర, మిఠాయి పొట్లాలు కొండ కిందనే విడిచి పైకి ఎక్కవలెను. పొరపాటున చెప్పులతో వచ్చినవారిని పూజారులు మందలించి ఊరుకుంటారు గాని, కొంగున బెల్లం ముక్క కట్టుకుని వచ్చినవారిని మాత్రం సగం దారి నుంచే వెనక్కి పంపుతారు. ఇక్కడ అమ్మవారికి నైవేద్యం చేదు పిండని కాకరకాయ కూర.

పూర్వం ఇక్కడ గుడి లేదు, మెట్లు లేవు. అడవి కాకర తీగ అల్లుకున్న నల్లబండ ఒకటి ఉండేది. సిద్దక్క అనే కురుబ ఇల్లాలు ఆ బండ చుట్టూ గొర్రెలు మేపుకునేది. భర్త పోయాడు. పుట్టిన బిడ్డల్లో లింగి ఒక్కతే దక్కింది. ఆ పిల్లకు కడుపులో నులిపురుగులు చేరి, కాళ్లూ చేతులూ పుల్లలై, పొట్ట మాత్రం ఉబ్బింది. జాలిపడిన వాళ్లంతా పాపం బెల్లమే పెట్టేవారు. లింగి ఇంకేదీ ముట్టేది కాదు. ఈ బిడ్డ కూడా చేజారిపోతుందేమోనని సిద్దక్క లోలోపల కుమిలిపోయేది.

ఒక మధ్యాహ్నం ఆమె బండ నీడన కునుకు తీయగా, కలలో పచ్చచీర కట్టిన ముత్తైదువ కనిపించింది. "ఈ తీగ కాయలు ఉన్నవి ఉన్నట్టు వండి నాకు పెట్టు. తర్వాత నీ బిడ్డకు పెట్టు" అని చెప్పి మాయమైంది.

సిద్దక్క గబగబా కాయలు కోసింది. కానీ దేవతకు చేదు పెట్టడానికి ఏ ఇల్లాలికి చెయ్యి వస్తుంది? అలవాటు కొద్దీ ముక్కలకు ఉప్పు రాసి, గట్టిగా పిండి, ఆ చేదు నీళ్లు బండ మీద పారబోసింది. బెల్లం దండిగా వేసి కూర వండి, బండకు చూపి, బిడ్డకు పెట్టింది. లింగి లొట్టలు వేసుకుంటూ తిన్నది. తెల్లారేసరికి లేవలేకపోయింది.

సిద్దక్క బిడ్డను భుజాన వేసుకుని వచ్చి బండ ముందు కూలబడింది. "నువ్వు చెప్పినట్టే చేస్తి గదమ్మా. దీన్ని గూడా తీసుకుంటావా?" అని గుండెలు బాదుకుంది. అంతలో ఆమె చూపు బండ మీద పడింది. చేదు నీళ్లు పారినంత మేర మన్నూ పాచీ కరిగిపోయి, రాతిలో అమ్మవారి ముఖం తేలి ఉంది. పెదవుల దగ్గర పసరు తడి ఇంకా ఆరలేదు.

"బెల్లం నీ మురిపానికి వేసుకుంటివి. బిడ్డకు పనికొచ్చేది పారబోస్తివి. నా వంతు నేను తాగినాను. దాని వంతు యాడుందే?" అని రాతిలోంచి వినిపించింది.

సిద్దక్క ఈసారి పిండలేదు. ఉప్పు వేసి ఉడికించి ముద్ద అందించగా లింగి ఉమ్మేసింది. "నువ్వు నాకొద్దు పో" అని తల్లి చెయ్యి రక్కింది. ఆ మాటకు సిద్దక్క కళ్లు నిండాయి. చెయ్యి మళ్లీ బెల్లం వైపు పోబోయింది. ఆపుకుని, ముందు తానొక ముద్ద మింగి, ముఖం చిట్లించకుండా బిడ్డకు రెండో ముద్ద పెట్టింది. లింగి పూటపూటా ఏడ్చింది, పూటపూటా మింగింది. క్రమంగా పురుగులు పడిపోయి ఒళ్లు తేరుకుంది.

నేటికీ ఇక్కడ ప్రసాదం తల్లి తిన్న తర్వాతే బిడ్డకు పెట్టాలి. మధుమేహం ఉన్నవారు, అరికాళ్ల మంటలకు కాకరాకు పసరు రాసుకునే పెద్దలు కూడా వస్తుంటారు. వైద్యుని మందు మానుకుని రమ్మని మాత్రం అమ్మవారు ఎవరికీ చెప్పలేదు. ఈ సన్నిధిలో పిల్లల ఏడుపును వారించరాదు. బిడ్డ ఎంత ఏడ్చినా, ఎన్ని మాటలన్నా, పెట్టే చెయ్యి వెనక్కి తీసుకోని తల్లిదే ఇక్కడ తొలి పూజ. అందుకే పూజారి అక్షతలు ముందుగా ఆమె తల మీద వేసి, ఆ తర్వాతే బిడ్డను దీవిస్తాడు.