పిస్టన్ మీది బాణం

మదనపల్లె పక్కన నీరుగట్టువారిపల్లెలో చెన్నకేశవులయ్య అనే మగ్గం నేసే పెద్దాయన ఉండేవారు. ఆదివారం పొద్దున ఆయన మగ్గానికి సెలవు. ఆ పూట పదిమంది దాకా ఆయన ఇంటికి వచ్చి, మగ్గం గుంట పక్కన చాపలు పరుచుకుని కూర్చునేవారు. ఆయన బడిలో చదివింది నాలుగో తరగతే. తన గురువు దగ్గర పన్నెండేళ్ళు కూర్చుని విన్న వేదాంతం మాత్రం ఒక్క ముక్క పోకుండా మనసులో ఉండేది. ఎవరు ఏ ప్రశ్న వేసినా ముందుగా, "ఇప్పుడు నీ చేతిలో ఏం పని నడస్తా ఉంది?" అని అడగడం ఆయన అలవాటు. మోక్షం గురించి అడిగిన రిటైర్డ్ తహసీల్దారును కూడా అదే అడిగారు. ఆ తహసీల్దారు నొచ్చుకుని మళ్ళీ రాలేదు.

కాత్యాయని నాలుగేళ్ళుగా వస్తోంది. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. నలభై నాలుగేళ్ళ మనిషి, ఏది చెప్పినా తలూపదు, నోట్సు మాత్రం రాసుకుంటుంది. ఒక ఆదివారం ఆమె నోట్సు మూసేసి అడిగింది.

"అయ్యా, మీరు చెప్పేటప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఇల్లు చేరేలోపు సందేహం మొదలవుతుంది. అది పోగానే ఇంకొకటి. నమ్మకం కుదరని మనిషి ఈ దారిలో నడవగలదా? లేక నా సందేహాన్ని ఎలాగోలా గొంతు నులిమి చంపెయ్యాలా?"

కేశవులయ్య ఆమె వైపు తిరిగారు. "ఇప్పుడు నీ చేతిలో ఏం పని నడస్తా ఉంది తల్లీ?"

మిగతావాళ్ళు నవ్వారు. కాత్యాయని మాత్రం నవ్వలేదు. ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు ఆమె ముఖం విప్పారింది. "బండి బాగుచేస్తున్నానయ్యా! పాత మోటోక్రాస్ బండి. మట్టి గుట్టల మీద రేసుల్లో దూకిస్తారే, అది. పదకొండు నెలలైంది. పని మొత్తం అయిపోయింది. వచ్చే ఆదివారం స్టార్ట్ చేస్తున్నా!"

"అట్లయితే వచ్చే ఆదివారం ఈడికి ఎవురూ రావద్దండి," అన్నారు కేశవులయ్య. "ఆ యమ్మ ఇంటికాడనే కూర్చుందాం."

ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

ఆ బండి ఆమె చేతికి వచ్చిన తీరు చెప్పాలి. కిందటి ఎండాకాలంలో పట్టు తీసే షెడ్డు ఒకటి మూతపడుతుంటే, పిల్లలకు చూపించడానికి పాత మోటారు ఏదైనా దొరుకుతుందేమోనని వెళ్ళింది. గోనె సంచుల కింద ఇంతెత్తు ముందు చక్రం, ఆకాశంలోకి లేచిన వెనక మడ్‌గార్డు కనిపించాయి. షెడ్డు యజమాని వాళ్ళ అన్నయ్య మునిరత్నం కుర్రతనంలో బెంగళూరు, కోలారు మట్టి రేసుల్లో తోలిన బండి అది. మోకాలు విరిగాక అక్కడ ఆపేస్తే ముప్ఫై ఆరేళ్ళు అక్కడే ఉండిపోయింది. "స్థలం ఖాళీ అయితే అదే పదివేలు, తీసకపోండి మేడం," అన్నాడు యజమాని. ఆమె ఆ రోజు మోటారు సంగతే మరిచిపోయింది.

పదిహేనేళ్ళుగా నల్లబల్ల మీద ఇంజను బొమ్మ గీసి పాఠం చెప్పింది కానీ, నిజం ఇంజనులో ఒక్క నట్టు విప్పి ఎరగదు. పానాలు ఒక సెట్టు కొనుక్కుంది. పోర్టికోలో పాత దుప్పటి పరిచింది. బస్టాండు దగ్గర షెడ్డు పెట్టుకున్న మెకానిక్ ఖాదర్ బాషా, "నేను చేసిస్తా మేడం," అంటే, "నువ్వు చెప్పు బాషా, నేనే చేస్తా," అంది. విప్పిన ప్రతిదాన్నీ ఫోటో తీయడం, నట్లను ఇడ్లీ రేకుల గుంటల్లో వరసగా పెట్టడం, గుంటకొక చీటీ అంటించడం. ఆ ఇంట్లో పదకొండు నెలలు ఇడ్లీ లేదు. భర్త రఘునాథ్ ఒకటి రెండు సార్లు గుర్తుచేసి, ఆ తర్వాత దోసెలకు అలవాటు పడ్డాడు.

పిస్టను సిలిండర్లో తుప్పు పట్టి కదలకపోతే డీజిలు పోసి పదకొండు రోజులు కాచుకుంది. పన్నెండో రోజు పొద్దున కాఫీ గ్లాసుతోనే వెళ్ళి కిక్ రాడ్ తొక్కితే బొటనవేలంత కిందికి దిగింది! కాఫీ ఒలికిపోయింది. ట్యాంకు లోపలి తుప్పు వదలడానికి చింతపండు పులుసు, గులకరాళ్ళు పోసి రోజూ ఊపింది. కార్బురేటర్లో సూదిబెజ్జమంత రంధ్రాన్ని ఒక్క రాగి తీగపోగుతో పొడిచి శుభ్రం చేసింది. ప్లగ్గు దగ్గర మొదటిసారి నీలం మెరుపు కనిపించిన సాయంత్రం ఆమె వేసిన కేకకు పక్కింటివాళ్ళు పామేమోనని కర్రతో వచ్చారు. "స్పార్క్! స్పార్కండీ! చూడండి!" అని వాళ్ళకు నాలుగుసార్లు చూపించింది. పాత పిస్టను పనికిరాదని తేలాక ఆ కొలతకు సరిపోయేది వెతకడానికే అయిదు నెలలు పట్టింది. చివరికి బెంగళూరు పాత సామాన్ల బజారులో ఒకే ఒకటి, ఇంకా కాగితం విప్పనిది దొరికింది. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చింది.

అనుకున్న ఆదివారం వచ్చింది. పసుపురంగు వేసిన ట్యాంకు ఎండలో మిలమిలలాడుతోంది. టైర్ల బుడిపెలు కొత్తగా, నల్లగా ఉన్నాయి. కాలనీ వాళ్ళు, కాలేజీ పిల్లలు, కేశవులయ్య దగ్గర కూర్చునే పదిమంది కలిసి గేటు దాకా నిండిపోయారు. కబురందుకుని కోలారు నుంచి మొదటి బస్సుకే మునిరత్నం దిగాడు. డెబ్భై దాటిన మనిషి, కుంటుకుంటూ వచ్చి బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ముట్టుకోలేదు. "దీని గొంతు నాకింకా గుర్తుందమ్మా. అది వినాలని వచ్చినా," అన్నాడంతే.

కాత్యాయనికి నేల మీద కాలు నిలవడం లేదు. ఇంధనంలో ఆయిలు కలిపింది, ట్యాంకు మూత బిగించింది. కేశవులయ్య కుర్చీలో కూర్చుని, "ఏదో ఒకటొకటీ ఫోటో తీసినావంట గదా తల్లీ, చూపించు," అన్నారు.

అంతకన్నా ఏం కావాలి? ఆమె ఫోన్ తీసి పక్కన చతికిలబడింది. ఇది మొదటి రోజు, ఇది ట్యాంకు లోపల, ఇది మాగ్నెటో, ఇది పాత పిస్టను మీద గీతలు. ఆయనకు యంత్రాల సంగతి తెలియదు. అయినా ప్రతిదానికీ తలూపుతున్నారు. ఖాళీ సిలిండర్ ఫోటో వచ్చింది. తర్వాతది దాని మీద మూతలా బిగించేసిన హెడ్డు. ఆమె వెనక్కి జరిపింది. మళ్ళీ ముందుకు జరిపింది.

"ఏమైంది?"

"కొత్త పిస్టను ఎక్కించిన రోజు ఫోటో లేదయ్యా."

ఆ పిస్టను తల మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. అది ముందుకు, పొగగొట్టం వైపు ఉండాలి. వెనక్కి తిరిగి ఉంటే రింగు కొసలు సిలిండర్ గోడకున్న కిటికీలాంటి రంధ్రంలో తగులుకుని విరుగుతాయి, ఆ ముక్కలు గోడను చీల్చేస్తాయి. ఇది బాషా మొదట్లోనే చెప్పిన మాట. ఎక్కించిన రోజు ఆమె చేతులు మోచేతుల దాకా ఆయిలు. ఫోటోలు తీసిపెట్టే రఘునాథ్ ఊళ్ళో లేడు. పిస్టను నునుపుగా లోపలికి జారినప్పుడు ఒంటరిగా చప్పట్లు కొట్టుకున్న సంగతి ఆమెకు బాగా గుర్తుంది. ఎంత తన్నుకున్నా బాణం ఎటు ఉందో గుర్తు రావడం లేదు.

ప్లగ్గు విప్పి టార్చి వేసి చూసింది. ఆ బెజ్జంలోంచి పిస్టను నడిమధ్య మాత్రం రూపాయి బిళ్ళంత మెరిసింది. బాణం ఉండేది అంచున.

"నూటికి తొంభైతొమ్మిది సరిగ్గానే ఉంటాది మేడం," అన్నాడు బాషా. "మీ చెయ్యి నాకు తెల్దా? కొట్టండి కిక్కు."

"మేడం, కొట్టండి మేడం!" అని పిల్లలు అరిచారు. కొందరు అప్పటికే ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. రఘునాథ్ చెవి దగ్గరికి వచ్చి, "ఇంతమందిని కూర్చోబెట్టి ఇప్పుడు విప్పుతావా?" అన్నాడు మెల్లగా. ఆమె కిక్ రాడ్ మీద కాలు పెట్టింది. నూటికి ఆ మిగిలిన ఒక్కటీ నిజమైతే? ఇంకో పిస్టను ఈ లోకంలో ఎక్కడుంది? విప్పితే, పదకొండు నెలలు చేసిన పని మీద తనకే నమ్మకం లేదని ఇంతమందీ చూస్తారు. ఆమె కేశవులయ్య వైపు చూసింది. అవునంటే కొడుతుంది, కాదంటే దిగుతుంది. అంతా ఆయన మీదే వేసి నిలబడింది.

"నా మొగంలో ఏముంది తల్లీ?" అన్నారాయన. "బాణం దాన్లో ఉంది."

కాత్యాయని కాలు దించింది. చున్నీ నడుముకు చుట్టి, పానా అందుకుంది.

గేటు దగ్గర గుసగుసలు లేచాయి. సగంమంది టిఫినుకు వెళ్ళిపోయారు. ట్యాంకు పైకెత్తి దించబోతుంటే రెండో పక్కన ఇంకో జత చేతులు పడ్డాయి. మునిరత్నం. ముప్ఫై ఆరేళ్ళ తర్వాత మొదటిసారి ఆ బండిని ముట్టుకున్నాడు. ఎదురెదురు నట్లు ఒక్కొక్కటీ వదులు చేస్తుంటే, తొందరతో మొదలైన ఆమె చేతులు మూడో నట్టు దగ్గరికి వచ్చేసరికి వాటి లయలోకి వాటంతటవే వచ్చాయి. చుట్టూ ఎవరున్నారో ఆమెకు తెలియలేదు. హెడ్డు రెండు చేతులా పట్టి పైకి లేపింది.

బాణం ముందుకే ఉంది. పొగగొట్టం వైపు, సూటిగా.

"చెప్పలేదా మేడం!" అని బాషా తొడ చరిచాడు. ఎవరో నవ్వారు. "ఇంతోటి దానికా ఈ రాద్ధాంతం," అని వెనకనుంచి ఒక గొంతు. కాత్యాయనికి సిగ్గు వేసి ఉండవలసింది. వేయలేదు. వంగి, ఆ బాణాన్ని వేలితో ఒకసారి తడిమి, చిన్నపిల్లలా నవ్వింది. హెడ్డు కింద సందు లేకుండా పట్టి ఉంచే రాగి గాస్కెట్టును వంటింట్లోకి తీసుకెళ్ళి, స్టవ్ మీద ఎర్రబడేదాకా కాల్చి, నీళ్ళలో ముంచి మెత్తబరచుకు వచ్చింది. తరగతిలో ఎన్నిసార్లో చెప్పిన పాఠం అది. అన్నీ మళ్ళీ బిగించేసరికి గంటన్నర పట్టింది. ఈసారి ఫోటో తీయాలన్న ధ్యాసే ఆమెకు రాలేదు.

మొదటి కిక్కుకు ఏమీ కాలేదు. రెండో కిక్కుకు బండి దగ్గింది. "ఆ! ఆ! పట్టింది!" అన్నాడు బాషా. మూడోసారి ఆమె తన బరువంతా ఒక్క కాలి మీద వేసి దిగేసరికి బండి ఫటఫటమని పేలి, నీలం పొగ చిమ్మి, ఒక్కసారిగా గొంతెత్తి అరిచింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. కుక్కలు పరుగెత్తాయి. టిఫినుకని పోయి ఇళ్ళలోనే ఉండిపోయినవాళ్ళు చెప్పులు వేసుకోకుండానే వచ్చేశారు. పిల్లల ఈలలు ఆ రొదలో వినిపించనేలేదు. మునిరత్నం కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వంచి విన్నాడు. ఆమె బండి ఆయనకు అందించబోతే, మోకాలు చూపించి తల అడ్డంగా ఊపాడు. "మొదటి రౌండు నీదే తల్లీ. గుట్ట కనపడితే బ్రేకు వెయ్యద్దు. లేచి నిలబడు, అంతే."

కాలేజీకి రోజూ గేర్ల బండి మీదే పోయే మనిషి ఆమె. అయినా ఇలాంటి బండి కాదు. హెల్మెట్ పెట్టుకుని, ఇంటి వెనక ఇంకా ఇళ్ళు కట్టని ప్లాట్లలోకి తిప్పింది. ఎర్రమట్టి రెండు పాయలుగా చిమ్మింది. పునాదులు తీసి పోసిన మట్టి దిబ్బ ఎదురైంది. ఆమె బ్రేకు వెయ్యలేదు. లేచి నిలబడింది. రెండు చక్రాలూ మూరెడు పైకి లేచాయి, ఒక్క క్షణం బరువనేదే లేదు. దబ్బున దిగాక ఆమె వేసిన కేక ఇంజను మోతను దాటి అందరికీ వినిపించింది. ఇంకో రౌండు వేసింది. ఆ తర్వాత మరొకటి.

నాలుగో రౌండు తర్వాత ఆపి, ముఖం నిండా ఎర్రదుమ్ముతో, ఆయాసంతో, ఆమె కేశవులయ్య కుర్చీ ముందుకు వచ్చి నిలబడింది.

"బాణం మొదటినుంచీ సరిగ్గానే ఉందయ్యా," అంది నవ్వుతూ. "మొదట్లోనే కొట్టి ఉంటే గంటన్నర మిగిలేది. అనవసరంగా సందేహపడి విప్పాను, కదా?"

కేశవులయ్య పైపంచెతో తన చేతుల మీద పడిన దుమ్ము దులుపుకున్నారు.

"అది అప్పుడూ అటే ఉంది తల్లీ," అన్నారు. "నా మొగం చూస్తా నిలబడినప్పుడు నువ్వు ఎటుండావు?"